మాదకద్రవ్యాలు, మందుల దుర్వినియోగం: పాఠకుల ప్రశ్నలకు వైద్యుని జవాబులు

మాదకద్రవ్యాల గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దొంగచాటుగా చేతులు మారే పొట్లాల గురించే అడిగాయి. ఎవరూ మత్తుపదార్థమని అనుకోని మాత్రల గురించి రాసిన ఉత్తరాలు కూడా వాటి నడుమ ఉన్నాయి. రెండింటికీ కలిపి జవాబు చెప్పడమే సబబని తోచింది. రాసినవారి పేర్లు, వారిని గుర్తుపట్టగల వివరాలు తీసివేశాను. ఒక్కొక్కరి ఆరోగ్య పరిస్థితి ఒక్కో విధంగా ఉంటుంది కనుక ఇక్కడ చదివినదాన్ని బట్టి ఏ మందునూ సొంతంగా మొదలుపెట్టవద్దు, సొంతంగా ఆపవద్దు.

ప్రశ్న: ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గడానికి ఆసుపత్రిలో ఇచ్చే మందూ, పోలీసులు పట్టుకునే మత్తుమందూ ఒకే జాతికి చెందినవని విన్నాను. అది నిజమైతే ఒకటి మేలు చేసి, ఇంకొకటి ప్రాణం తీయడం ఎలా సాధ్యం?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: మీరు విన్నది నిజమే. గసగసాల మొక్క పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు ఎండి నల్లమందు అవుతుంది. దాని నుంచి 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఫ్రీడ్రిక్ జెర్ట్యూర్నర్ అనే జర్మన్ ఔషధకారుడు నొప్పిని అణచే మార్ఫిన్‌ను వేరు చేశాడు. ఆ మార్ఫిన్‌కు రసాయనికంగా కొద్దిపాటి మార్పు చేసి తయారుచేసినదే హెరాయిన్. బేయర్ సంస్థ 1898లో దానిని దగ్గుమందుగా అమ్మకానికి పెట్టిందంటే ఈనాడు నమ్మడం కష్టం. కొకైన్ కథ కూడా ఇటువంటిదే. 1884లో కార్ల్ కోలర్ అనే వైద్యుడు కంటి శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండా ఉండేందుకు దానిని వాడవచ్చని చూపాడు. మనం స్థానిక మత్తు అని పిలిచే పద్ధతికి నాంది అదే.

కాబట్టి తేడా పదార్థంలో కన్నా దాన్ని వాడే తీరులోనే ఎక్కువగా ఉంది. హెరాయిన్ శరీరంలోకి వెళ్లాక చివరకు మార్ఫిన్‌గానే మారుతుంది. అయితే మింగిన మాత్ర నెమ్మదిగా రక్తంలో కలిసి, పనిచేయడానికి అరగంటో, ఇంకా ఎక్కువ సేపో తీసుకుంటుంది. పొగగా పీల్చినదీ, నరంలోకి ఎక్కించుకున్నదీ క్షణాల్లో మెదడును చేరుతుంది. చేసిన పనికీ, కలిగిన సుఖానికీ మధ్య వ్యవధి ఎంత తక్కువగా ఉంటే మెదడు ఆ రెండింటినీ అంత గట్టిగా ముడివేసుకుంటుంది. వ్యసనం వేళ్లూనేది అక్కడే.

రెండో తేడా మోతాదు. నల్లమందు జాతి మందులన్నీ నొప్పిని అణచడంతోపాటు ఊపిరిని నడిపించే మెదడు కేంద్రాన్ని కూడా మందగింపజేస్తాయి. ఆసుపత్రిలో ఎన్ని మిల్లీగ్రాములు ఇచ్చారో నర్సు రాసిపెడుతుంది, ఊపిరి లెక్కపెడుతుంది. బయట కొన్న పొడిలో ఏముందో అమ్మినవాడికే తెలియదు. హెరాయిన్ కన్నా సుమారు 50 రెట్లు శక్తి గల ఫెంటనిల్ అనే నొప్పి మందు అందులో కలిసి ఉంటే, అలవాటు లేని మనిషి ఊపిరి ఆగిపోవడానికి రెండు మిల్లీగ్రాములు చాలు. ఆ కాస్త పొడిని కంటితో చూసి గుర్తుపట్టడం ఎవరివల్లా కాదు.

ప్రశ్న: మా వారు నిద్ర పట్టడం లేదని కొన్నేళ్ల క్రితం వైద్యుణ్ని కలిస్తే ఒక చిన్న మాత్ర రాశారు. పది రోజులకని రాసిన ఆ మాత్రను ఇప్పటికీ వాడుతున్నారు. మొదట సగం, తర్వాత ఒకటి, ఇప్పుడు రెండు. పాత చీటీ చూపించి తెచ్చుకుంటారు. నేను గట్టిగా పోరితే రేపటి నుంచి పూర్తిగా మానేస్తానని ఒట్టు పెట్టారు. మానేస్తే సరిపోతుందా?
– ఒక గృహిణి

జవాబు: దయచేసి ఆ ఒట్టును ఆయన వెనక్కి తీసుకునేలా చూడండి. మీరు ఉత్తరంలో పేర్కొన్న మాత్ర బెంజోడయాజెపైన్ అనే జాతికి చెందినది. ఆల్ప్రజోలం, క్లోనజెపం, డయాజెపం వంటివన్నీ ఈ కోవలోవే. 1960లో ఈ జాతిలో మొదటి మందు బజారులోకి వచ్చినప్పుడు, అంతకుముందు వాడుకలో ఉన్న బార్బిచ్యురేట్లు అనే నిద్రమందుల కన్నా ఇవి ఎంతో నిరపాయమని వైద్యలోకం సంతోషించింది. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ కొద్ది వారాలకు మించి రోజూ వాడితే మెదడు వీటికి అలవాటుపడి, వీటి ఆసరా ఉంటుందన్న లెక్కతోనే తన పనిని సర్దుకుంటుంది. ఆ ఆసరాను ఒక్కసారిగా లాగేస్తే గుండెదడ, వణుకు, చెమటలు, విపరీతమైన ఆందోళన, కొందరిలో మూర్ఛలు కూడా వస్తాయి. మద్యం, నిద్రమాత్రలు హఠాత్తుగా ఆపినప్పుడు వచ్చే మూర్ఛలు ప్రాణం మీదికి తెచ్చే సందర్భాలు ఉన్నాయి.

మాన్పించే దారి ఉంది కానీ అది నిదానమైనది. సాధారణంగా వైద్యులు ఉన్న మోతాదులో పదో వంతో, అంతకన్నా తక్కువో తగ్గించి, శరీరం కుదుటపడేదాకా రెండు మూడు వారాలు ఆగి, మళ్లీ అంతే తగ్గిస్తారు. కొన్నేళ్లు వాడినవారికి ఇది నెలల తరబడి సాగవచ్చు. ఇంట్లో బ్లేడుతో మాత్రను ముక్కలు చేస్తే ఒక ముక్క పెద్దదిగా, ఇంకొకటి పొడిగా మిగిలి, ఒక రాత్రికీ మరో రాత్రికీ మోతాదు మారిపోతుంది. తక్కువ మోతాదు మాత్రలుగానో, ఎక్కువసేపు పనిచేసే వేరే మందుకు మార్చో తగ్గించడం మేలు. చివరి పావు మాత్ర మానడమే అన్నింటికన్నా కష్టమని చాలామంది రోగులు చెబుతారు, అక్కడ తొందరపడవద్దు.

ఈలోగా నిద్ర సంగతి కూడా చూడాలి. రోజూ ఒకే వేళకు లేవడం, నిద్ర ముంచుకొచ్చినప్పుడే మంచం ఎక్కడం, పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోవడం, పగటి కునుకులు మానడం వంటివి చేర్చిన ప్రవర్తనా చికిత్స దీర్ఘకాలంలో మాత్రల కన్నా బాగా పనిచేస్తుంది. మీ వారు రాత్రిపూట మద్యం కూడా తీసుకునే మనిషైతే ఆ మాట వైద్యునికి మొహమాటపడకుండా చెప్పండి. ఆ రెండూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఇక పాత చీటీ మీద ఇన్నేళ్లు మాత్రలు ఇస్తూ వచ్చిన దుకాణదారు బాధ్యత కూడా ఇందులో తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

ప్రశ్న: జ్వరానికి పారాసెటమాల్, జలుబుకు ఇంకో మాత్ర, ఒళ్లునొప్పులకు మరొకటి వేసుకుంటాను. ఇవన్నీ చీటీ లేకుండా దొరికేవే కనుక ప్రమాదం ఉండదు కదా?
– ఒక ఉద్యోగి

జవాబు: మూడు అట్టల వెనకా చిన్న అక్షరాలతో ఉన్న పేర్లు చదవండి. మూడింటిలోనూ పారాసెటమాల్ ఉండే అవకాశం బాగా ఉంది. పెద్దవారికి రోజు మొత్తం మీద 4 గ్రాములు పై హద్దు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది. సన్నగా ఉన్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, రోజూ మద్యం తాగేవారికి ఆ హద్దు ఇంకా తక్కువ. హద్దు దాటితే దెబ్బతినేది కాలేయం. మొదటి రోజు వికారం తప్ప పెద్దగా ఏమీ తెలియదు, కామెర్లు కనబడేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. దీనికి అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది కానీ అది 8 గంటల లోపు అందితేనే బాగా పనిచేస్తుంది. ఎక్కువ మాత్రలు పడ్డాయని తెలిసిన వెంటనే, ఒంట్లో బాగానే ఉన్నా సరే, ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. కొన్ని నెలలుగా మనిషి మారిపోయాడు. రాత్రంతా మేలుకుని పగలు పడుకుంటాడు. పాత స్నేహితులు రావడం మానేశారు. ఇంట్లో డబ్బు లెక్క తప్పుతోంది. బట్టలు ఉతుకుతుంటే జేబులో చిన్న జిప్ కవరు, సన్నటి చుట్టే కాగితాలు దొరికాయి. వాళ్ల నాన్నకు తెలిస్తే చావగొడతారు. అబ్బాయికి తెలియకుండా పరీక్ష చేయించే మార్గం ఉంటే చెప్పండి డాక్టర్ గారూ.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు చూసిన వస్తువులు గంజాయిని సూచిస్తున్నాయి. అయినా అవి అనుమానానికి ఆధారమే గాని రుజువు కాదు. నిద్ర వేళలు తారుమారు కావడం, స్నేహితులకు దూరం కావడం కుంగుబాటులోనూ ఉంటాయి. తీవ్రమైన మానసిక వ్యాధులు కొన్ని తొలిసారి బయటపడేది కూడా సరిగ్గా ఈ వయసులోనే.

చాటుగా పరీక్ష చేయించవద్దని నా సలహా. గంజాయి ఎప్పుడో ఒకసారి తాగినవారి మూత్రంలో కొద్ది రోజులు, రోజూ తాగేవారి మూత్రంలో కొన్ని వారాలు కనబడుతుంది. ఉందని తేలితే ఎంత తాగుతున్నాడో, ఎందుకు తాగుతున్నాడో ఆ కాగితం చెప్పదు. లేదని తేలితే మీరు నిశ్చింతగా ఉండిపోతారు, కానీ కొత్తగా వస్తున్న రసాయనాలు చాలావరకు మామూలు పరీక్షలకు దొరకవు. అన్నింటికన్నా ముఖ్యంగా, ఈ సంగతి అతనికి తెలిసిన రోజున మీతో నోరు విప్పి మాట్లాడే అవకాశం మూసుకుపోతుంది. పరీక్ష అవసరమైతే వైద్యుని దగ్గర, అతని అంగీకారంతో జరగాలి.

మాట్లాడే వేళ చూసుకోండి. కళ్లు ఎర్రబడి, మాట తడబడుతున్నప్పుడు ఏం చెప్పినా తలకెక్కదు. కాస్త తేటగా ఉన్న పూట, చుట్టూ ఇంకెవరూ లేకుండా, మీరు కళ్లారా చూసిన వాటినే చెప్పండి. "నీ జేబులో ఈ కాగితాలు దొరికాయి నాన్నా. రాత్రిళ్లు నువ్వు పడుకోవడం లేదు. నాకు భయంగా ఉంది" అంటే చాలు. పక్కింటి కుర్రాడితో పోల్చడం, మీ త్యాగాలు ఏకరువు పెట్టడం వద్దు. ఆ పైన మీరు ఊరుకోవాలి, కష్టమే అయినా. మొదటిసారి అతను కాదనే అంటాడు, స్నేహితుడివి అంటాడు. ఆ అబద్ధాన్ని అక్కడికక్కడే బయటపెట్టాలని పంతం పట్టకండి. మళ్లీ వారం రోజులకు ఇదే మాట ఎత్తగలిగేలా తలుపు తెరిచి ఉంచడమే ఆ రోజు పని.

మీ వారికి ఎన్నాళ్లు దాచగలరు? అబ్బాయితో మాట్లాడక ముందే ఆయనతో మాట్లాడి, చెయ్యి చేసుకోనని మాట తీసుకోండి. కొట్టడం వల్ల అలవాటు పోదు, దాచే తెలివి పెరుగుతుంది. ఇంట్లో డబ్బు తాళం వేసి ఉంచండి, అది శిక్ష కాదు, జాగ్రత్త. అతను బయట చేసిన అప్పులు మీరు గుట్టుగా తీర్చడం మాత్రం మానుకోండి. తల్లులు ప్రేమతో చేసే ఆ సాయం అలవాటుకు పెట్టుబడి అవుతుంది.

గంజాయి మొక్కే కదా, దాని వల్ల ఏమవుతుందని అతను వాదించవచ్చు. తాగినవారందరూ వ్యసనపరులు కారన్నది నిజమే. మొత్తం మీద సుమారు పదిమందిలో ఒకరికి అది వదలని అలవాటవుతుందనీ, టీనేజీలో మొదలుపెట్టినవారిలో ఆరుగురిలో ఒకరికి అలా జరుగుతుందనీ అంచనా. మంచిచెడ్డలు బేరీజు వేసే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ల వరకూ ఎదుగుతూనే ఉంటుంది. ఘాటైన గంజాయి రోజూ తాగేవారిలో మతిభ్రమణం వచ్చే ముప్పు ఎక్కువ, కుటుంబంలో అటువంటి జబ్బు ఉంటే ఇంకా ఎక్కువ. ఎవరో తనను వెంటాడుతున్నారని అన్నా, లేని మాటలు వినిపిస్తున్నాయని అన్నా, చచ్చిపోతానన్నా ఇక మంచి వేళ కోసం చూడకుండా ఆ రోజే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి.

గంజాయి అలవాటుకు ప్రత్యేకంగా మందు లేదు. కౌన్సెలింగే ప్రధాన చికిత్స. మానేసిన మొదటి వారం పది రోజులు చిరాకు, ఆకలి లేకపోవడం, నిద్రలేమి, వింత కలలు ఉంటాయి. ఆ చిరాకును పొగరుగా అర్థం చేసుకుని ఇంట్లో గొడవపడితే మళ్లీ మొదటికి వస్తుంది. రానని మొండికేస్తే కట్టేసి తీసుకెళ్లే కేంద్రాల జోలికి పోవద్దు. ముందు మీరిద్దరూ వెళ్లి కౌన్సెలర్‌ను కలవండి. ఇంటివారికి తగిన శిక్షణ ఇస్తే, రానని భీష్మించుకున్న వారు కూడా చికిత్సకు వచ్చే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు చూపించాయి.

ప్రశ్న: మా అన్నయ్య హెరాయిన్ మానడానికి వ్యసన విముక్తి కేంద్రంలో మూడు నెలలు ఉండి వచ్చాడు. వచ్చిన కొన్నాళ్లకే మళ్లీ తీసుకున్నాడు. మనసు గట్టిది కాకపోతే ఎంత ఖర్చు పెట్టినా దండగేనని బంధువులు అంటున్నారు. నిజమేనా?
– ఒక చెల్లెలు

జవాబు: బంధువుల మాట తర్వాత చూద్దాం, అంతకన్నా తొందరగా తెలుసుకోవలసినది ఒకటుంది. మూడు నెలలు దూరంగా ఉన్న శరీరం హెరాయిన్‌ను తట్టుకునే శక్తిని కోల్పోతుంది. పాత లెక్కన అదే మోతాదు తీసుకుంటే అది ప్రాణాంతకం కావచ్చు. చికిత్స కేంద్రం నుంచో, జైలు నుంచో బయటికి వచ్చిన తొలి వారాల్లో మరణాలు ఎక్కువగా జరగడానికి కారణం ఇదే. పిలిచినా లేవకపోవడం, గురకలాంటి గరగర శబ్దం, పెదవులు, గోళ్లు నీలంగా మారడం, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం కనిపిస్తే నిద్రపోతున్నాడులే అనుకోకండి. వెంటనే అంబులెన్సును పిలవాలి. ఊపిరి ఆడుతుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఆగితే నోటితో ఊపిరి అందించాలి. నాలోక్సోన్ అనే విరుగుడు నిమిషాల్లో మనిషిని తేరుకునేలా చేస్తుంది. అయితే దాని ప్రభావం గంటా గంటన్నరలో తగ్గి, హెరాయిన్ ప్రభావం మళ్లీ పైకి రావచ్చు కనుక, లేచి కూర్చున్నాడని ఆసుపత్రి ప్రయాణం మానుకోకూడదు. అతని వైద్యుణ్ని అడిగి ఆ మందు ఇంట్లో ఉంచుకునే వీలుందేమో తెలుసుకోండి.

ఇక మనోబలం సంగతి. వియత్నాం యుద్ధంలో ఉన్న అమెరికా సైనికుల్లో సుమారు ఐదో వంతు మంది అక్కడ హెరాయిన్‌కు బానిసలయ్యారు. వీళ్లంతా తిరిగివస్తే దేశం ఏమవుతుందోనని ప్రభుత్వం బెంబేలెత్తింది. 1970ల్లో లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తిరిగివచ్చినవారిని వెతికి ప్రశ్నిస్తే, స్వదేశంలో మళ్లీ బానిసలైనవారు చాలా కొద్దిమందే అని తేలింది. మనుషులు వారే, మనోబలమూ అదే. మారినవి చుట్టూ ఉన్న పరిస్థితులు, మనుషులు, సరుకు దొరికే తీరు. మీ అన్నయ్య మూడు నెలల తర్వాత అదే వీధికి, అదే స్నేహితుల దగ్గరకు, అదే ఖాళీ మధ్యాహ్నాలకు వచ్చాడా అన్నది నేనైతే ముందు అడుగుతాను.

మానినవారిలో దాదాపు సగం మంది ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ జారుతారు. రక్తపోటు రోగి మందులు మానితే మళ్లీ రక్తపోటు పెరుగుతుంది, అప్పుడు చికిత్స దండగని ఎవరూ అనరు. హెరాయిన్ వ్యసనానికి మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ అనే మందులు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో వీటిని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగట్టడమే కదా అని ఈ మందుల మీద ఆక్షేపణ ఉంది. రోజుకు ఒకసారి, తెలిసిన మోతాదులో, వైద్యుని కనుసన్నల్లో తీసుకుంటూ ఉద్యోగానికి వెళ్లే మనిషికీ, సూది కోసం రోజంతా పరుగులు తీసే మనిషికీ తేడా లేదనుకునేవారికే ఆ ఆక్షేపణ నచ్చుతుంది. ఈ మందులు వాడుతున్నవారిలో మరణాలు బాగా తగ్గుతాయి. పోయినసారి అతనికి వీటిని ఇచ్చారో లేదో అడగండి.

ప్రశ్న: వాడినవారినీ అమ్మినవారినీ ఒకేలా కఠినంగా శిక్షిస్తే ఈ పీడ విరగడవుతుంది కదా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: అమ్మేవారి విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే అమ్మేవారందరూ చీకట్లోనే ఉండరు. అమెరికాలో 1996లో బజారులోకి వచ్చిన ఆక్సికాంటిన్ అనే నొప్పి మాత్రకు అలవాటు పడే ప్రమాదం తక్కువని దానిని తయారుచేసిన పర్డ్యూ ఫార్మా వైద్యులకు నమ్మబలికింది. ఆ ప్రచారంపై 2007లో దాని అనుబంధ సంస్థ, అమ్మకాలు పెంచుకున్న తీరుపై 2020లో పర్డ్యూ స్వయంగా కోర్టుల్లో నేరం ఒప్పుకున్నాయి. ఈలోగా లక్షలమంది చీటీ మీద కొన్న మాత్రతో మొదలై, అది దొరకనప్పుడు హెరాయిన్ దాకా, ఆపైన ఫెంటనిల్ దాకా వెళ్లారు.

వాడేవారి విషయంలో నేను వేరుగా ఆలోచిస్తాను. జైలు భయం ఉన్నచోట స్నేహితుడు స్పృహ తప్పినా అంబులెన్సును పిలవడానికి వెనకాడతారు, ఒకే సూదిని నలుగురు పంచుకుంటారు. పోర్చుగల్ 2001 నుంచి సొంత వాడకానికి కొద్ది మొత్తం దగ్గర ఉంచుకోవడాన్ని జైలు శిక్ష పడే నేరాల నుంచి తప్పించి, అటువంటివారిని వైద్య, సామాజిక సేవా నిపుణులున్న సంఘాల ముందుకు పంపుతోంది. అమ్మకం అక్కడ ఇప్పటికీ నేరమే. ఆ తర్వాత సూదులు వాడేవారిలో కొత్తగా హెచ్‌ఐవీ సోకడం బాగా తగ్గింది. చట్టం మారినందుకే కాదు, చికిత్సకు డబ్బు కేటాయించినందుకు కూడా అది సాధ్యమైంది.

మరో మాట, మాస్టారూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో మాదకద్రవ్యాల వల్ల 6 లక్షల మంది చనిపోతే మద్యం వల్ల 26 లక్షల మంది చనిపోయారు. పొగాకు మృతులు ఏటా 70 లక్షలకు పైనే. చట్టం అనుమతించినది నిరపాయమని మాత్రం పిల్లలకు చెప్పకండి.

ప్రశ్న: మా నాన్నగారికి క్యాన్సర్ ఎముకలకు పాకింది. వైద్యులు మార్ఫిన్ రాశారు. అలవాటవుతుందని మా అత్తయ్య వేయనివ్వడం లేదు. ఇంట్లో పిల్లలు కూడా ఉన్నారు. ఏం చేయమంటారు?
– ఒక కుమారుడు

జవాబు: వేయండి. మాదకద్రవ్యాల మీద భయం ఎంత అవసరమో, ఆ భయాన్ని ఇటువంటి రోగి మంచం దాకా తీసుకురావడం అంత అన్యాయం. క్యాన్సర్ నొప్పికి మెట్లవారీగా మందులు పెంచుతూ అవసరమైనచోట మార్ఫిన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. కొన్ని వారాలకు శరీరం దానికి అలవాటుపడటం, మోతాదు పెంచవలసి రావడం సహజమే. కానీ నొప్పి లేకపోయినా దాని కోసం వెంపర్లాడటం వేరు. నొప్పికి సరైన మోతాదు అందుతున్న క్యాన్సర్ రోగుల్లో అది అరుదు. నొప్పి వచ్చాక కాకుండా గడియారం ప్రకారం వేయండి. మలబద్ధకం తప్పకుండా వస్తుంది కనుక మొదటి రోజు నుంచే దానికి కూడా మందు అడగండి. నిద్రమాత్రలు ఏవైనా వాడుతుంటే వైద్యునికి చెప్పండి. ఊపిరి బాగా నెమ్మదించినా, లేపినా లేవకపోయినా ఆ పూట మోతాదు ఆపి వెంటనే వైద్య సహాయం పిలవండి.

పిల్లల సంగతి మీరు అడగడం మంచిదైంది. మందును తాళం ఉన్న పెట్టెలో ఉంచి, వేసిన వేళా, మిగిలిన మాత్రల సంఖ్యా ఒక కాగితం మీద రాయండి. ముందుముందు మాత్రలకు బదులు చర్మానికి అంటించే ఫెంటనిల్ పట్టీలు ఇస్తే ఇంకా జాగ్రత్త కావాలి. మూడు రోజులు వాడి తీసేసిన పట్టీలో కూడా చాలా మందు మిగిలి ఉంటుంది. చెత్తబుట్టలోంచి తీసి ఒంటికి అంటించుకున్న, నోట్లో పెట్టుకున్న పసిపిల్లలు చనిపోయిన ఉదంతాలు ఉన్నాయి. తీసిన పట్టీని జిగురు వైపు లోపలికి వచ్చేలా సగానికి మడిచి, తాళం పెట్టెలోనే దాచి, మిగిలిన మాత్రలతోపాటు మందు ఇచ్చిన ఆసుపత్రికో, ఔషధశాలకో తిరిగి అప్పగించండి. అక్కడ తీసుకునే ఏర్పాటు లేకపోతే మడిచిన పట్టీని మరుగుదొడ్డిలో వేసి నీళ్లు వదలమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెబుతుంది. మామూలు మందులను అలా పారేయకూడదు, ఈ కొద్దిపాటి మందులకే ఆ మినహాయింపు.